సుమత్రా కదిలింది, మన రోజు కురచైంది: ఎంత?

ఎక్కడైనా పెద్ద భూకంపం వచ్చిందంటే చాలు, రెండో రోజుకల్లా ఫోన్లలో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. భూమి అక్షం ఒరిగిపోయిందట, రోజులు పొట్టివైపోతున్నాయట, ఇక ఋతువులు గతి తప్పుతాయట. కింద ఎవరో ఒకరు నాసా పేరు తగిలిస్తారు. బస్టాండు దగ్గర టీ కొట్లో పెద్దాయన "భూమి ఒరిగిపోనాదటేటి బావూ?" అని మనల్నే అడుగుతాడు, ఇంజినీరింగ్ చదువుతున్నాం కదా అని.

మిగతా ఫార్వర్డ్‌ల లాగా దీన్నీ కొట్టిపారేద్దామంటే ఒక చిక్కుంది. ఇందులో సగం నిజం. భూకంపం వల్ల రోజు పొడవు మారుతుందన్నది నాసా శాస్త్రవేత్తలు లెక్కగట్టి చెప్పిన మాటే. ఎంత మారింది, ఏది మారింది, ఏది మారలేదు అన్న దగ్గరే కథ పక్కదారి పడుతుంది. ఆ లెక్క మనకి పెద్ద కష్టమేం కాదు. ఫస్టియర్ ఫిజిక్స్, ఒక కాలిక్యులేటర్ చాలు.

ఈ మెసేజ్‌ల మూలం వెతుక్కుంటూ వెళ్తే ఎక్కువసార్లు ఒకే తేదీ దగ్గరికి చేరతాం. 2004 డిసెంబర్ 26, ఆదివారం. మన గడియారంలో ఉదయం 6 గంటల 29 నిమిషాలు. ఇండోనేషియాలోని సుమత్రా దీవికి పడమటగా, సముద్రం అడుగున, భారత భూఫలకం బర్మా ఫలకం కిందికి చొచ్చుకుపోయే చోట, శతాబ్దాలుగా బిగుసుకుని ఉన్న పట్టు వదిలేసింది. తీవ్రత 9.1. పగులు సుమత్రా దగ్గర మొదలై, నికోబార్, అండమాన్ దీవుల మీదుగా ఉత్తరానికి సుమారు 1,300 కిలోమీటర్లు చీలుకుంటూ వచ్చింది. అంత దూరం చీలడానికి దాదాపు పది నిమిషాలు పట్టింది. కొన్ని చోట్ల ఫలకం 15 మీటర్లకు పైగా జారింది. కోస్తాలో చాలామందికి ఆ ఉదయం మంచాలు ఊగాయి, ఫ్యాన్లు ఊగాయి. మనలో సగం మంది అప్పటికి పుట్టనే లేదు గానీ, ఇంట్లో అమ్మానాన్నలని అడిగితే చెబుతారు.

రెండు వారాలు గడిచాక, 2005 జనవరి 10న నాసా ఒక ప్రకటన ఇచ్చింది. జెట్ ప్రొపల్షన్ లేబరేటరీకి చెందిన రిచర్డ్ గ్రాస్, గొడ్డార్డ్ కేంద్రానికి చెందిన బెంజమిన్ ఫాంగ్ చావ్ చేసిన లెక్క అది. వాళ్లు చెప్పినవి మూడు సంగతులు. రోజు పొడవు 2.68 మైక్రోసెకన్లు తగ్గింది. ఉత్తర ధ్రువం సగటు స్థానం 145 డిగ్రీల తూర్పు రేఖాంశం దిక్కుగా సుమారు రెండున్నర సెంటీమీటర్లు జరిగింది. ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి, నడుం దగ్గర ఉబ్బి ఉండే భూమి ఆకారం, వెయ్యి కోట్లలో ఒక వంతు గుండ్రంగా అయింది.

ఈ మూడే తర్వాత ఫోన్ల దాకా వచ్చేసరికి "రోజులు పొట్టివైపోతున్నాయి", "అక్షం ఒరిగిపోయింది", "భూమి ఆకారం మారిపోయింది" అయ్యాయి. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు అన్న ముక్క దారిలో ఎక్కడో జారిపోయింది.

సరే, అసలెందుకు తగ్గింది? కంప్యూటర్ ల్యాబ్‌లో చక్రం కుర్చీ ఉంటుంది కదా, అందులో కూర్చోండి. రెండు చేతుల్లో రెండు లీటర్ల నీళ్ల సీసాలు పట్టుకుని బార్లా చాపండి. పక్కవాణ్ణి కుర్చీని ఒక్క తిప్పు తిప్పమనండి. తిరుగుతుండగా సీసాల్ని గుండెల దగ్గరికి లాక్కోండి. కుర్చీ ఒక్కసారిగా జోరందుకుంటుంది. ఎవరూ కొత్తగా తిప్పలేదు. బరువు ఇరుసుకి దగ్గరైంది, అంతే. జడత్వ భ్రామకం తగ్గింది, బయటి టార్క్ ఏదీ లేదు కాబట్టి కోణీయ ద్రవ్యవేగం మారడానికి వీల్లేదు, అందుకని వేగం పెరిగి తీరాలి. మెకానికల్ వాళ్లకి ఫ్లైవీల్ చాప్టర్‌లో రోజూ కనబడే సమీకరణమే.

సుమత్రాలో జరిగిందీ అదే. సీసాలకి బదులు రాతి ఫలకం, అంతే తేడా. ఇక్కడ ఒక డౌటు రావాలి. సునామీ పుట్టిందే సముద్రపు నేల పైకి లేవడం వల్ల కదా, మరి బరువు ఇరుసుకి దూరం జరిగినట్టు అవుతుంది గానీ దగ్గరెలా అవుతుంది? నిజమే, పగులుకి ఒక పక్క నేల కొన్ని మీటర్లు లేచింది. కానీ దాని వెనకాల పక్క కుంగింది. గ్రేట్ నికోబార్ కొసన ఉన్న ఇందిరా పాయింట్ ఏకంగా 4.25 మీటర్లు దిగిపోయి, అక్కడి లైట్‌హౌస్ కాళ్లు నీళ్లలోకి వచ్చాయి. మనకి కనబడని లోతులో భారత ఫలకం ఏటవాలుగా కిందికి జారింది. లేచినదీ, కుంగినదీ, చుట్టూ వేల కిలోమీటర్ల దాకా మిల్లీమీటర్ల లెక్కన సర్దుకున్నదీ అంతా కూడితే, నికరంగా ద్రవ్యరాశి లోపలి వైపుకి జరిగింది.

ఎంత జరిగిందో మనమే చూసుకోవచ్చు. రోజుకి 86,400 సెకన్లు. 2.68 మైక్రోసెకన్లను దాంతో భాగిస్తే వచ్చేది 3,200 కోట్లలో ఒక వంతు. భూమి జడత్వ భ్రామకం సుమారు 8 పక్కన 37 సున్నాలు, కిలోగ్రాము మీటర్ స్క్వేర్‌లలో. అందులో 3,200 కోట్లలో ఒక వంతు తగ్గిందంటే తగ్గినది సుమారు 2.5 పక్కన 27 సున్నాలు. విడిగా చూస్తే భయంకరమైన సంఖ్య, భూమి పక్కన పెడితే లెక్కలోకి రాదు.

ఇప్పుడు దీన్ని మన ఊరికి తెద్దాం. ఎచ్చెర్ల ఉన్నది 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. భూమధ్యరేఖ మీద నేల సెకనుకి 465 మీటర్ల వేగంతో తూర్పుకి తిరుగుతుంటే, మన దగ్గర కొసైన్ కోణంతో గుణిస్తే దాదాపు 441 మీటర్లు వస్తుంది. అంటే క్లాసులో నిద్రపోతున్నవాడు కూడా గంటకి 1,590 కిలోమీటర్ల వేగంతో తూర్పుకి ప్రయాణిస్తున్నాడన్నమాట. ఆ వేగంతో 2.68 మైక్రోసెకన్లలో మనం కదిలే దూరం 1.2 మిల్లీమీటర్లు. ఒక రోజు మొత్తం మీద ఎచ్చెర్లకి తేడా అంతే. స్కేలు మీద ఒక గీత, దాని మీద ఇంకాస్త.

కానీ ఇది ఒక్క రోజుతో పోయే తేడా కాదు, అక్కడే సరదా ఉంది. రాయి జరిగింది, మళ్లీ వెనక్కి రాలేదు. ప్రతి రోజూ 2.68 మైక్రోసెకన్లు మిగులుతూనే ఉంటాయి. 2004 డిసెంబర్ నుంచి 2024 డిసెంబర్ దాకా ఇరవయ్యేళ్లకి 7,305 రోజులు. గుణిస్తే సెకనులో యాభయ్యో వంతు. మిగతావన్నీ మారకుండా ఉండి, ఈ భూకంపం ఒక్కటే రాకపోయి ఉంటే, ఇరవయ్యేళ్ల తర్వాత అదే క్షణానికి ఎచ్చెర్ల ఇప్పుడున్న చోటికి సుమారు 8.6 మీటర్లు పడమట ఉండేది. మన క్లాస్‌రూమ్ పొడవంత అనుకోండి. రోజుకి మిల్లీమీటరు, ఇరవయ్యేళ్లకి ఒక గది.

"మిగతావన్నీ మారకుండా ఉండి" అన్నాను చూశారా, ఆ మాటలోనే ఉంది అసలు తిరకాసు. మిగతావి మారకుండా ఒక్క రోజు కూడా ఉండవు. గాలి వీస్తుంది. గాలికీ బరువుంది, వేగముంది. వాతావరణం తూర్పుకి జోరుగా కదిలితే, ఆ కోణీయ ద్రవ్యవేగం నేల దగ్గర నుంచే అరువు తీసుకోవాలి, నేల ఆ మేరకి నెమ్మదిస్తుంది. ఋతువుల గాలుల వల్ల రోజు పొడవు ఏడాదిలో సుమారు ఒక మిల్లీసెకను అటూ ఇటూ ఊగుతుంది. మిల్లీసెకను అంటే వెయ్యి మైక్రోసెకన్లు. సుమత్రా ఇచ్చింది రెండున్నర చిల్లర. తుఫాను రోజు భీమిలి బీచ్‌లో అలల హోరు మధ్య నిలబడి జేబులో చిల్లర చప్పుడు వినాలన్నట్టు ఉంటుంది పని.

అందుకే ఒక ముఖ్యమైన సంగతి చాలామంది చెప్పకుండా వదిలేస్తారు. 2.68 అన్నది కొలిచిన అంకె కాదు, లెక్కగట్టిన అంకె. ఎక్కడెక్కడ ఎంత రాయి ఎంత జారిందో భూకంప తరంగాల నుంచి రాబట్టి, ఆ కదలికలన్నిటినీ భూమి నమూనాలో పెట్టి కూడితే వచ్చిన జవాబు. రోజు పొడవుని కొలిచే పద్ధతులు మనకి లేక కాదు. కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న క్వేజార్ల రేడియో సంకేతాల్ని వేరు వేరు ఖండాల మీది యాంటెనాలతో ఒకేసారి పట్టి, ఏ యాంటెనాకి ఎంత ఆలస్యంగా చేరిందో చూస్తారు. జీపీఎస్ ఉపగ్రహాలు తోడుంటాయి. ఇంత చేసినా రోజు పొడవులో పొరపాటు పదుల మైక్రోసెకన్ల మాట అని గ్రాస్ తదితరులే చెప్పారు. రెండున్నర దాని కింద పూర్తిగా మునిగిపోతుంది. లెక్క తప్పనడం లేదు. రాయి జరిగినది మాత్రం వేరే దారిలో నిజంగా కనబడింది: గ్రేస్ అనే జంట ఉపగ్రహాలు సుమత్రా మీదుగా వెళ్తూ అక్కడి గురుత్వాకర్షణలో వచ్చిన మార్పుని పట్టుకున్నాయి. ద్రవ్యరాశి చోటు మారిందనడానికి ఆకాశం నుంచి వచ్చిన సాక్ష్యం అది.

లీప్ సెకను గురించి కూడా ఒక మాట. భూమి కాస్త నెమ్మదిగా తిరుగుతుండడం వల్ల, పరమాణు గడియారాలతో జత కలపడానికి 1972 నుంచి ఇప్పటికి 27 సార్లు ఒక సెకను చేర్చారు. ఆఖరుది 2016 చివర్లో. మనకి అది 2017 జనవరి 1 ఉదయం 5 గంటల 29 నిమిషాల 60వ సెకనుగా వచ్చింది, ఆ గంటకి మేల్కొని చూసినవాళ్లెవరో గానీ. 1999 మొదలు 2005 చివరి దాకా ఒక్క లీప్ సెకనూ అవసరం పడలేదు, ఎందుకంటే భూమి కాస్త జోరందుకుంది. దీన్ని సుమత్రాకి అంటగట్టేవాళ్లున్నారు. కానీ ఆ జోరు భూకంపానికి ఐదేళ్ల ముందే మొదలైంది. అందులో ప్రధాన పాత్ర భూమి లోపలి ద్రవ గర్భానిదే.

ఇక రెండో సంగతి, అక్షం. నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది ఇదే, ఎందుకంటే తెలుగులో మనం "అక్షం జరిగింది" అనే ఒక్క మాటతో రెండు పూర్తిగా వేరైన సంగతుల్ని కలిపేస్తున్నాం.

మొదటిది, ఆకాశంలో అక్షం దిక్కు. భూమి 23.4 డిగ్రీల వంపుతో తిరుగుతోంది, ఋతువులు దాని వల్లే. ఈ దిక్కు మారాలంటే బయటి నుంచి ఎవరో తిప్పాలి. చంద్రుడు, సూర్యుడు, గ్రహాలు చాలా నెమ్మదిగా ఆ పని చేస్తూనే ఉన్నాయి. భూకంపం చెయ్యలేదు. అది భూమి తన లోపల తాను చేసుకున్న సర్దుబాటు. కుర్చీలో కూర్చుని ఎంత గింజుకున్నా మన చొక్కా కాలరు మనమే పట్టుకుని పైకి లేపుకోలేం కదా. కోణీయ ద్రవ్యవేగం దిక్కుతో సహా నిలకడగా ఉండాలి.

రెండోది, ఆ అక్షం చుట్టూ నేల కూర్చున్న తీరు. ఉల్లిపాయకి పుల్ల గుచ్చి తిప్పుతున్నామనుకోండి. పుల్ల దిక్కు మారదు, కానీ ఉల్లిపాయ పుల్ల మీద కాస్త జారితే పుల్ల వేరే చోట బయటికి వస్తుంది. భూమి ఉపరితలం మీద ధ్రువం జరగడమంటే ఇదే. ద్రవ్యరాశి సమతూకంగా ఉండే ఒక ఊహా ఇరుసు ఉంటుంది. దానికీ, భూమి వాస్తవంగా తిరిగే ఇరుసుకీ ఎప్పుడూ కొన్ని మీటర్ల ఎడం ఉంటుంది. భూకంపం కదిలించింది ఆ సమతూకపు ఇరుసుని, రెండున్నర సెంటీమీటర్లు.

మన పక్కనే ఒక పరీక్ష ఉంది. నాగావళి దాటితే అరసవల్లి. ఏటా మార్చి 9, 10, 11 తేదీల్లోనూ, అక్టోబర్ 1, 2, 3 తేదీల్లోనూ ఉదయపు సూర్యకిరణాలు నేరుగా గర్భగుడిలోకి వచ్చి స్వామి పాదాల్ని తాకుతాయి, మబ్బు పట్టకపోతే. ఆ తేదీలు చూడండి. మార్చి 20 విషువత్తుకి పది రోజుల ముందు, సెప్టెంబర్ 23 విషువత్తుకి తొమ్మిది పది రోజుల తర్వాత. రెండు సందర్భాల్లోనూ సూర్యుడు తూర్పు నుంచి సుమారు నాలుగు డిగ్రీలు దక్షిణంగా, దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు. ఆ గుడి కట్టినవాళ్లు ద్వారాల్ని ఆ కోణానికి పెట్టారు. అంటే అరసవల్లి ఆలయమే ఒక పెద్ద కోణమాపకం. నిజంగా భూమి వంపు ఒక డిగ్రీ మారినా ఆ తేదీలు చెదిరిపోతాయి.

రెండున్నర సెంటీమీటర్లకి ఎంత చెదరాలి? భూమి వ్యాసార్థంతో భాగించి కోణంలోకి మారిస్తే, డిగ్రీని 3,600 భాగాలు చేసి అందులో ఒక భాగాన్ని మళ్లీ పదివేలు చేసి ఎనిమిది తీసుకున్నంత. ఆ రోజుల్లో సూర్యుడు ఉదయించే చోటు రోజుకి 0.4 డిగ్రీ చొప్పున ఉత్తరానికో దక్షిణానికో జరుగుతుంది. ఈ రెండిటినీ పోల్చితే, సుమత్రా తెచ్చిన తేడా సూర్యుడి నడకలో సెకనుకి ఇరవయ్యో వంతు. కిరణాలు పాదాల్ని తాకే ముహూర్తం అంత జరిగి ఉండొచ్చు, మహా అయితే. ఎంతటి సిద్ధాంతి గారైనా పంచాంగంలో దాన్ని రాయలేరు. 2005 మార్చిలోనూ భక్తులు అవే తేదీలకి వెళ్లారు.

ధ్రువం నిలకడగా ఉండదన్న సంగతి 1891లోనే తెలుసు. సేత్ చాండ్లర్ అనే అమెరికన్, ఉద్యోగరీత్యా ఇన్సూరెన్స్ కంపెనీల లెక్కలు వేసే మనిషి, ఖాళీ వేళల్లో నక్షత్రాల్ని కొలిచి, అక్షాంశాలు సుమారు పద్నాలుగు నెలలకోసారి ఊగుతున్నాయని చూపించాడు. గట్టి బంతిలా ఉంటే 305 రోజులకోసారి ఊగాలని అంతకు ముందెప్పుడో ఆయిలర్ లెక్క చెప్పాడు. భూమి అంత గట్టిది కాదు, కాస్త సాగుతుంది, అందుకే 433 రోజులు. ఉత్తర ధ్రువం మంచు మీద కొన్ని మీటర్ల మేర గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది.

ఈ ఊగడాన్ని ఆగిపోకుండా తోస్తున్నది ఎవరు? భూకంపాలేమోనని 20వ శతాబ్దం మొదట్లోనే జాన్ మిల్న్ అనుమానించాడు. తర్వాత చాలామంది నమ్మలేదు. భూకంపం పగులు దగ్గర మాత్రమే నేలని కదిలిస్తుంది, అంత చిన్న ముక్క భూమినేం ఊపుతుందన్నారు. 1964 అలాస్కా భూకంపంతో ఆ వాదన బీటలు వారింది. ఎక్కడో హవాయిలో పెట్టిన పరికరాలు కూడా నేల శాశ్వతంగా సర్దుకున్నట్టు చూపించాయి. అంటే పెద్ద భూకంపం తన చుట్టూ వేల కిలోమీటర్ల దాకా నేలని కొద్దికొద్దిగా జరుపుతుంది.

సరిగ్గా ఇక్కడ మనకి దగ్గరి మనిషి ఒకరు కథలోకి వస్తారు. లాలు మానసింహ. ఇచ్ఛాపురం దాటితే వచ్చే ఒడిశావారు, ప్రసిద్ధ ఒడియా కవి మాయాధర్ మానసింహ కొడుకు. కెనడాలో వెస్టర్న్ ఒంటారియో యూనివర్సిటీలో పని చేస్తూ, డగ్లస్ స్మైలీతో కలిసి 1967లో, 1968లో వెలువరించిన పత్రాల్లో ఆ దూరపు సర్దుబాట్లన్నిటినీ కూడి, భూకంపాలు ధ్రువాన్ని ఎంత జరపగలవో లెక్కకట్టే దారి వేశారు. కవిగారి అబ్బాయి భూమి ఊపుని లెక్కపెట్టడం సాహిత్య క్లబ్బు పత్రికలో చెప్పుకోవాల్సిన సంగతే. చాండ్లర్ ఊగడానికి ప్రధాన కారణం భూకంపాలేనన్న ఆశ మాత్రం నిలవలేదు. 2000లో రిచర్డ్ గ్రాస్, అవును, 2.68 చెప్పిన ఆ గ్రాసే, ప్రధానంగా ఊపుతున్నది సముద్రపు అడుగున మారే నీటి ఒత్తిడి, దానికి తోడు వాతావరణం అని చూపించాడు. కానీ భూకంపం తర్వాత నాసా ఇచ్చే ప్రతి అంకె వెనకా మానసింహ తరం వేసిన ఆ దారే ఉంది.

తీవ్రత పెద్దదైతే మార్పూ పెద్దదవ్వాలి కదా అనిపిస్తుంది. పూర్తిగా కాదు. 2010 ఫిబ్రవరిలో చిలీలో వచ్చింది 8.8, సుమత్రా కన్నా చిన్నది. రోజు 1.26 మైక్రోసెకన్లే తగ్గింది గానీ, సమతూకపు ఇరుసు 8 సెంటీమీటర్లు జరిగింది. కారణం చోటు. సుమత్రా భూకంపం భూమధ్యరేఖకి దాదాపు ఆనుకుని వచ్చింది. నడుం దగ్గర రాయి కిందికి దిగితే ఇరుసుకి నేరుగా దగ్గరవుతుంది, వేగం మీద ప్రభావం ఎక్కువ, కానీ సమతూకం పక్కకి ఒరగదు. చిలీది మధ్య అక్షాంశాల్లోది, పైగా పగులు వాలు కాస్త నిటారు. రంగులరాట్నం చుట్టూ ఎక్కడ నిలబడ్డామన్న దాన్ని బట్టి ఊపు ఎలా వేరుగా ఉంటుందో అలా. 2011 మార్చి జపాన్ భూకంపానికి 1.8 మైక్రోసెకన్లు, 17 సెంటీమీటర్లు. 1960 చిలీ భూకంపం, కొలిచిన వాటిలోకెల్లా పెద్దది, 9.5. దానికి లెక్క సుమారు 8 మైక్రోసెకన్లు.

ఫలకాలు పక్కపక్కన రాసుకుంటే కథ వేరు. 2012 ఏప్రిల్ 11న సుమత్రాకి పడమట 8.6 తీవ్రతతో వచ్చింది అలాంటిదే. రాయి అడ్డంగా జారింది, పైకీ కిందికీ కాదు. తిరుగుడు మీద ప్రభావం తక్కువ, సునామీ కూడా పెద్దగా లేవలేదు. ఆ రెండూ ఒకే కారణం వల్ల తక్కువన్నది గమనించండి.

మన చుట్టుపక్కల భూకంపాల సంగతేమిటి? 1917 ఏప్రిల్‌లో విజయనగరం దగ్గర సుమారు 5.5 తీవ్రతతో వచ్చింది. 2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో 6.0 తీవ్రతతో వచ్చినది మన జిల్లాల్లో చాలామందికి గుర్తుంటుంది, జనం ఇళ్లలోంచి బయటికి పరిగెత్తారు. దాని కేంద్రం దాదాపు మన అక్షాంశం మీదే, ఎచ్చెర్లకి నేరు తూర్పున నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో. తీవ్రత స్కేలు లాగరిథం కాబట్టి, 9.1కీ 6.0కీ మధ్య 3.1 తేడా అంటే భూకంప భ్రామకంలో దాదాపు 45 వేల రెట్లు. సుమత్రా తరహాలోనే జారిందనుకున్నా దాని వాటా రోజుకి నానోసెకనులో పదిహేనో వంతుకి మించదు. ఆ టైంలో కాంతి కూడా రెండు సెంటీమీటర్లే వెళ్తుంది.

పోల్చడానికి ఇంకో అంకె. 1993 నుంచి 2010 దాకా ప్రపంచమంతా బోర్ల ద్వారా తోడిన భూగర్భ జలం సుమారు 2 లక్షల 15 వేల కోట్ల టన్నులు. ఆ నీళ్లు చివరికి సముద్రంలోకి చేరాయి. 2023లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం దీని వల్ల ధ్రువం దాదాపు 80 సెంటీమీటర్లు జరిగింది. వాయవ్య భారతం అందులో పెద్ద వాటాదారు. సుమత్రా రెండున్నర. మోటారు స్విచ్చి వేసిన రైతుకి ఎవరూ ఫార్వర్డ్ పంపలేదు.

తిరుగుడు మారితే భూకంపాలొస్తాయా అని తిరగేసి అడిగేవాళ్లూ ఉన్నారు. భూమి నెమ్మదించిన కొన్నేళ్లకి పెద్ద భూకంపాలు ఎక్కువవుతున్నట్టుందని 2017లో బిల్‌హామ్, బెండిక్ అనే ఇద్దరు చెప్పారు. చాలామంది ఒప్పుకోలేదు. దాన్ని బట్టి ఎవరైనా తేదీ చెబితే మాత్రం నమ్మకండి.

ఇంతకీ ఆ ఆదివారం నాటి అంకెల్లో నిజంగా భయపడాల్సింది వేరే ఉంది. ఉదయం 6:29కి నేల కదిలింది. సుమారు 9 గంటలకి సునామీ మన తూర్పు తీరాన్ని తాకింది. మధ్యలో రెండున్నర గంటలు. చేపలు తెచ్చిన పడవలు ఒడ్డుకి చేరే వేళ, పైగా ఆదివారం. అండమాన్‌కి అంత వ్యవధి కూడా లేదు. ఉద్దానం ఊళ్ల నుంచి ఎన్నో కుటుంబాలు పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి స్థిరపడ్డాయి, ఆ రోజు ఇక్కడ ఎన్ని ఇళ్లలో ఫోను దగ్గర కూర్చున్నారో. ఆ రెండున్నర గంటల్లో హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న ఏ దేశంలోనూ తీరానికి కబురు చెప్పే వ్యవస్థ లేదు. అన్ని దేశాల్లో కలిపి రెండు లక్షల ఇరవై వేల మందికి పైగా పోయారు. ఆంధ్రప్రదేశ్‌లో అధికారిక లెక్క 107, ఎక్కువగా కృష్ణా, ప్రకాశం, నెల్లూరు తీరాల్లో.

ఆ తర్వాతే హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం 2007 అక్టోబర్‌లో మొదలైంది. భూకంపమాపకాలు, సముద్రం అడుగున ఒత్తిడి కొలిచే పరికరాలు, రేవుల్లో అలల మట్టం చూసే యంత్రాలు అక్కడికి సమాచారం పంపుతాయి. ఎన్నో కిలోమీటర్లు, ఎంత లోతు, రాయి పైకి లేచిందా పక్కకి జారిందా అని వాళ్లు అడిగే ప్రశ్నలూ, రోజు పొడవు లెక్కకి గ్రాస్ అడిగిన ప్రశ్నలూ ఒకటే. జవాబు ఎంత త్వరగా కావాలన్నదే తేడా. గ్రాస్‌కి రెండు వారాల టైముంది. ఇన్‌కాయిస్‌కి నిమిషాలే. 2012 ఏప్రిల్ 11 మధ్యాహ్నం 2:08కి ఆ 8.6 వచ్చినప్పుడు వాళ్ల మొదటి బులెటిన్ పది నిమిషాల లోపే బయటికి వచ్చింది. మన మండలంలోని బుడగట్లపాలెం, డి.మత్స్యలేశం లాంటి ఊళ్లకి ఆ కబురు ఆఖరి మూడు నాలుగు కిలోమీటర్లు దాటి, వల సర్దుకుంటున్న మనిషి దాకా ఎంతసేపట్లో చేరుతుందన్న లెక్క ఇంకా ఎవరూ పత్రికల్లో వెయ్యలేదు. ఈసీఈ వాళ్లెవరైనా ఫైనలియర్ ప్రాజెక్టుకి టాపిక్ వెతుక్కుంటుంటే, ఇదిగో.